ముందు ప్రేమ, తర్వాత ఆజ్ఞ



మన ఇళ్ళలో పిల్లలు అబద్ధం చెబితే పెద్దవాళ్ళ నోటివెంట ఠక్కున వచ్చే మాట ఒకటుంది. "అబద్ధమాడితే దేవుడు కళ్ళు పోగొడతాడు!" ఏ మతంవారి ఇంట్లోనైనా ఈ మాట వినిపిస్తుంది. క్రైస్తవ కుటుంబాల్లో దీనికి మరికొన్ని తోడవుతాయి. ప్రార్థన మానేస్తే జ్వరం వస్తుందని, ఆదివారం మందిరానికి రాకపోతే పరీక్ష తప్పుతావని, దశమభాగం ఇవ్వకపోతే ఆ డబ్బు ఆస్పత్రి పాలవుతుందని చెబుతూ ఉంటారు. చెప్పేవాళ్ళ ఉద్దేశం మంచిదే, పిల్లలు దారి తప్పకూడదనే. కానీ అలా వింటూ పెరిగిన పిల్ల మనసులో దేవుడి రూపం ఒకటి స్థిరపడిపోతుంది. మనం ఎప్పుడు తప్పు చేస్తామా, ఎప్పుడు పట్టుకుందామా అని కాచుకు కూర్చున్న దేవుడు ఆయన. ఆ పిల్ల పెద్దదవుతుంది, ఉద్యోగంలో చేరుతుంది, సంసారం చేసుకుంటుంది. ప్రతి ఆదివారం ఆరాధనకు వెళుతుంది, ఆజ్ఞలు పాటిస్తుంది, కానుక వేస్తుంది. అన్నీ చేస్తూనే లోపల బెదిరిపోయి ఉంటుంది. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే, నేనేం తప్పు చేశానని ఇలా జరిగింది అన్నదే ఆమెకు వచ్చే మొదటి ప్రశ్న.

ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. క్రైస్తవ విధేయత భయం మీద నిలబడదు, బేరం మీదా నిలబడదు. దేవుడు నన్ను ప్రేమిస్తున్నాడన్న నమ్మకం మీద నిలబడుతుంది. ఆ నమ్మకం గట్టిగా ఉన్నచోట కష్టమైన ఆజ్ఞ కూడా చేయగలిగినదిగా కనిపిస్తుంది. అది సడలినచోట చిన్న ఆజ్ఞ కూడా మోయలేని బరువవుతుంది.

బైబిలు మొదటి పుటలు చూడండి. ఆదికాండం మూడో అధ్యాయంలో సర్పం హవ్వ దగ్గరికి వచ్చి నేరుగా ఆజ్ఞ మీరమని చెప్పదు. ముందుగా ఒక అనుమానం నాటుతుంది. తోటలో ఏ చెట్టు పండూ తినొద్దన్నాడట కదా దేవుడు, నిజమేనా అని అడుగుతుంది. నిజానికి దేవుడు తోటంతా ఇచ్చి ఒక్క చెట్టునే వద్దన్నాడు. ఇచ్చిన తోటను కనబడకుండా చేసి, వద్దన్న ఒక్క చెట్టునే కళ్ళముందు నిలబెట్టడం సర్పం చేసిన పని. మీకు మంచి జరగడం ఆయనకు ఇష్టం లేదు, మీ దగ్గర ఏదో దాస్తున్నాడు అన్నది దాని మాటల సారం. హవ్వ చెయ్యి పండు మీదికి వెళ్ళకముందే ఆమె మనసులో దేవుడి మంచితనం మీద నమ్మకం సడలింది. పండు తినడం ఆ తర్వాతి సంగతి. ప్రతి అవిధేయత వెనకా ఈ క్రమమే ఉంది. మన మనసు ముందు దేవుణ్ణి అనుమానిస్తుంది, ఆ తర్వాతే కాలు అడ్డదారి పడుతుంది.

ఇప్పుడు పది ఆజ్ఞల దగ్గరికి రండి. నిర్గమకాండం ఇరవయ్యో అధ్యాయంలో, సీనాయి పర్వతం దగ్గర, దేవుడు ఇశ్రాయేలీయులకు ధర్మశాస్త్రం ఇచ్చాడు. అక్కడ మొట్టమొదట వినిపించేది ఆజ్ఞ కాదు. ఐగుప్తు దాస్యం నుంచి మిమ్మల్ని విడిపించి తెచ్చిన మీ దేవుణ్ణి నేను అని ఆయన తన్ను తాను పరిచయం చేసుకుంటాడు. ఆ తర్వాతే చేయవలసినవీ, చేయకూడనివీ చెబుతాడు. ముందు విడుదల, తర్వాత ఆజ్ఞ. వాళ్ళు పది ఆజ్ఞలూ పాటించి చూపిస్తే ఎర్ర సముద్రం పాయలు చేస్తానని ఆయన అనలేదు. సముద్రం దాటించి, ఆకలికి అన్నం పెట్టి, దాహానికి నీళ్ళిచ్చి, ఆ మీదట పర్వతం దగ్గరికి తీసుకొచ్చాడు. ద్వితీయోపదేశకాండం ఏడో అధ్యాయంలో మోషే ఈ విషయాన్ని దాపరికం లేకుండా చెబుతాడు. మీరు ఎక్కువమంది ఉన్నారని దేవుడు మిమ్మల్ని ఎన్నుకోలేదు, మీరు అందరికన్నా తక్కువవాళ్ళే, మిమ్మల్ని ప్రేమించాడు కాబట్టే ఎన్నుకున్నాడు అంటాడు.

సీనాయికి చేరకముందే జరిగిన మన్నా సంగతి ఇంకాస్త దగ్గరగా చూద్దాం. నిర్గమకాండం పదహారో అధ్యాయం. ఎడారిలో తిండి లేదు. తెల్లవారుజామున మంచు ఇంకిపోయాక నేల మీద సన్నటి పొరలా ఆహారం పరుచుకుని ఉంది. మనిషికి ఒక ఓమెరు కొలత చొప్పున ఏరుకోండి, మర్నాటికి దాచుకోకండి అని మోషే చెప్పాడు. కొందరు దాచారు. తెల్లారేసరికి పురుగులు పట్టి కంపు కొట్టింది. ఆరో రోజున రెండు ఓమెర్లు ఏరుకోండి, ఏడో రోజున విశ్రాంతి తీసుకోండి, ఆ రోజు నేల మీద ఏమీ ఉండదు అని చెప్పాడు. అయినా కొందరు ఏడో రోజున గిన్నెలు పట్టుకుని బయల్దేరారు, ఏమీ దొరకలేదు.

వాళ్ళెందుకు వెళ్ళారు? వాళ్ళు మొండివాళ్ళని చెప్పి ఊరుకోవడం తేలిక. కానీ వాళ్ళ గతం గుర్తు చేసుకోండి. ఐగుప్తులో రోజుకిన్ని ఇటుకలని లెక్క కట్టి పని చేయించుకున్నారు. గడ్డి ఇవ్వడం మానేశాక కూడా ఇటుకల లెక్క తగ్గించలేదు. ఒక్క రోజు చేతులు కట్టుకుని కూర్చుంటే వీపు మీద దెబ్బ పడిన జీవితం అది. అలాంటి మనిషికి ఏరుకో అన్న ఆజ్ఞ సులువు. ఆగు, కూర్చో, రేపటిది నేను చూసుకుంటాను అన్న ఆజ్ఞే కష్టం. ఎందుకంటే ఆ ఆజ్ఞ పాటించాలంటే చెప్పినవాడి మీద నమ్మకం కావాలి. ఇన్నాళ్ళూ వాళ్ళకు తెలిసిన యజమాని ఫరో. కొత్త యజమాని కూడా ఫరోలాంటివాడే అనుకున్నవాళ్ళు రాత్రికి దాచుకున్నారు. ఈయన వేరు అని నమ్మినవాళ్ళు నిశ్చింతగా పడుకున్నారు. విధేయత ఎక్కడ మొదలవుతుందో ఈ ఒక్క అధ్యాయం చెబుతోంది.

యేసు చెప్పిన ఉపమానాల్లో ఈ మాటకు అద్దం పట్టేవి రెండున్నాయి. ఒకటి భయం గురించి, ఇంకొకటి బేరం గురించి.

మొదటిది తలాంతుల ఉపమానం, మత్తయి సువార్త ఇరవై అయిదో అధ్యాయంలో. యజమాని దూరదేశం వెళుతూ ముగ్గురు దాసులకు తన ఆస్తి అప్పగించాడు. ఒకడికి అయిదు తలాంతులు, ఒకడికి రెండు, ఒకడికి ఒకటి. మొదటి ఇద్దరూ వ్యాపారం చేసి రెట్టింపు చేశారు. మూడోవాడు గుంట తవ్వి పాతిపెట్టాడు. యజమాని తిరిగొచ్చాక వాడు చెప్పిన సంజాయిషీ గమనించండి. నువ్వు కఠినుడివని నాకు తెలుసు, అందుకే భయపడ్డాను, ఇదిగో నీది నీకే తెచ్చాను అన్నాడు. వాడు దొంగతనం చేయలేదు. దుబారా చేయలేదు. ఒక్క రూక కూడా పోగొట్టలేదు. కానీ యజమాని గురించి వాడికున్న అభిప్రాయమే వాడి చేతులు కట్టేసింది.

ఇందులో మనం తేలిగ్గా దాటిపోయే విషయం ఒకటుంది. తలాంతు అంటే చిన్న మొత్తం కాదు. ఒక తలాంతుకు దాదాపు 6,000 దేనారాలు. దేనారం ఆ కాలంలో కూలివాడి ఒక రోజు కూలి. అంటే ఆ మూడో దాసుడి చేతిలో యజమాని పెట్టినది ఒక మనిషి ఇరవై ఏళ్ళ సంపాదన. అంత సొమ్ము అప్పగించి ఊరు దాటి వెళ్ళినవాడు కఠినుడెలా అవుతాడు? వాడు పాతిపెట్టిన ఆ వెండే యజమాని మనసు ఎలాంటిదో చెప్పే సాక్ష్యం. దాన్ని మట్టిలో కప్పేసి, ఆయన కఠినుడని చెబుతున్నాడు. భయం మీద నడిచే భక్తి చివరికి ఇలాగే మారుతుంది. తప్పు జరగకుండా చూసుకోవడమే దాని గురి. ఎవరికైనా మేలు చేయడానికి ముందుకు రాదు, రిస్కు తీసుకోదు, చేతిలో ఉన్నది పంచదు. లెక్క సరిపోతే చాలనుకుంటుంది.

రెండోది తప్పిపోయిన కుమారుడి ఉపమానం, లూకా సువార్త పదిహేనో అధ్యాయంలో. చిన్నకొడుకు గురించి మనకు బాగా తెలుసు. పెద్దకొడుకు దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. సాయంత్రం పొలం నుంచి వస్తున్నాడు. ఇంట్లోంచి వాద్యాలు, నాట్యం చప్పుడు వినిపిస్తున్నాయి. లోపలికి వెళ్ళి చూడడు. బయటే నిలబడి ఒక పనివాణ్ణి పిలిచి అడుగుతాడు. తమ్ముడు వచ్చాడని, కొవ్విన దూడను కోశారని తెలియగానే కోపంతో అక్కడే ఆగిపోతాడు. తండ్రి బయటికి వచ్చి బతిమాలతాడు. అప్పుడు ఇన్నేళ్ళుగా ఆ కొడుకు లోపల దాచుకున్నదంతా బయటపడుతుంది. ఇన్ని సంవత్సరాలు నీకు ఊడిగం చేశాను, నీ మాట ఒక్కటీ జవదాటలేదు, నువ్వు నాకు ఒక మేకపిల్లనైనా ఇచ్చావా అంటాడు.

ఒక్క ఆజ్ఞా మీరనివాడు అతను. ఆ మాట అబద్ధమని తండ్రి కూడా అనలేదు. కానీ అతను కొడుకుగా బతకలేదు, జీతగాడిగా బతికాడు. చేసిన ప్రతి పనికీ మనసులో పద్దు రాసుకున్నాడు. తమ్ముడికి దక్కిన కృప చూసేసరికి ఆ పద్దు తీసి తండ్రి ముందు పెట్టాడు. నువ్వెప్పుడూ నాతోనే ఉన్నావు, నాదంతా నీదే అని తండ్రి జవాబిచ్చాడు. ఇల్లంతా తనదైనవాడు ఒక మేకపిల్ల కోసం కుమిలిపోయాడు.

ఈ పద్దు మన సంఘాల్లో కూడా ఉంది. వీసా వస్తే సాక్ష్యం చెబుతానని, కొడుక్కి ఉద్యోగం వస్తే మందిరానికి ఫ్యాన్లు ఇస్తానని, ఇన్ని రోజులు ఉపవాసం ఉన్నాను కాబట్టి దేవుడు నా పని చేసి తీరాలని అనుకుంటూ ఉంటాం. కృతజ్ఞతతో ఇచ్చే కానుక గొప్పదే, ఉపవాస ప్రార్థన గొప్పదే. కానీ దాన్ని దేవుడికి ఇచ్చిన అడ్వాన్సుగా లెక్కపెట్టుకున్న రోజున, అడిగింది రాకపోతే ఆ పెద్దకొడుకులాగే గడప బయట నిలబడిపోతాం.

మరి దేవుడి ప్రేమను నమ్మి విధేయత చూపడం ఎలా ఉంటుంది? యేసు జీవితమే అందుకు నమూనా. మార్కు సువార్త మొదటి అధ్యాయంలో ఆయన యొర్దాను నదిలో బాప్తిస్మం పొందినప్పుడు పరలోకం నుంచి తండ్రి స్వరం వినిపించింది. నువ్వు నా ప్రియకుమారుడివి, నీవల్ల నాకు ఆనందం అన్నది ఆ స్వరం సారాంశం. అప్పటికి ఆయన ఒక్క రోగినీ బాగుచేయలేదు, ఒక్క ప్రసంగమూ చేయలేదు. పరిచర్య మొదలుకాకముందే తండ్రి ప్రేమ ప్రకటన జరిగిపోయింది. వెంటనే ఆయన అరణ్యంలోకి వెళ్ళాడు. నలభై రోజుల ఆకలి తర్వాత అపవాది వచ్చి, నువ్వు దేవుని కుమారుడివే అయితే ఈ రాళ్ళను రొట్టెలు చేసుకో అన్నాడు. ఏదెను తోటలో వేసిన ఎత్తే మళ్ళీ వేశాడు. నిజంగా నిన్ను ప్రేమించే తండ్రే ఉంటే నీకీ ఆకలేమిటి అన్నది అందులో ఉన్న ఎత్తిపొడుపు. యేసు ద్వితీయోపదేశకాండం ఎనిమిదో అధ్యాయంలోంచి, సరిగ్గా మన్నాను గుర్తు చేసే చోటు నుంచే, జవాబు చెప్పాడు. ఎడారిలో తండ్రి పోషించిన సంగతి ఆయన మరచిపోలేదు. గెత్సేమనే తోటలో చెమట రక్తంలా కారుతున్నప్పుడు కూడా ఆయన ప్రార్థన తండ్రీ అన్న పిలుపుతోనే మొదలైంది. నా ఇష్టం కాదు, నీ ఇష్టమే జరగనీ అనగలిగింది ఆ పిలుపు వల్లే.

ఇక్కడ కొందరు శ్రోతలకు ఒక ప్రశ్న వస్తుంది. నా బతుకులో దెబ్బ మీద దెబ్బ తగులుతోంది, దేవుడు నన్ను ప్రేమిస్తున్నాడని ఎలా నమ్మను అని. ఇది న్యాయమైన ప్రశ్న. పరిస్థితులు బాగున్నప్పుడు ప్రేమ ఉందని, బాగోలేనప్పుడు లేదని లెక్క వేస్తే ఆ నమ్మకం ఏ రోజూ నిలవదు. అందుకే అపొస్తలుడైన పౌలు రోమా సంఘానికి రాస్తూ మన చూపును పరిస్థితుల మీది నుంచి సిలువ మీదికి మళ్ళిస్తాడు. మనం మంచివాళ్ళమయ్యాక కాదు, ఇంకా పాపులుగా ఉన్నప్పుడే క్రీస్తు మనకోసం చనిపోయాడు, దేవుడు తన ప్రేమను అలా రుజువు చేశాడు అంటాడు. సొంత కుమారుణ్ణే ఇవ్వడానికి వెనుదీయనివాడు మిగతావి ఇవ్వడా అని అడుగుతాడు. జరిగిపోయిన ఆ సిలువను ఎవరూ వెనక్కి తీసుకోలేరు. నా జబ్బు, నా అప్పు, నా కన్నీళ్ళు దాన్ని మార్చలేవు.

అదే పత్రికలో ఇంకొకటి గమనించాలి. పౌలు పదకొండు అధ్యాయాలపాటు దేవుడి కనికరం గురించే వివరించి, పన్నెండో అధ్యాయంలో కాబట్టి అని మొదలుపెట్టి, మీ శరీరాలను సజీవయాగంగా సమర్పించుకోండి అని బతిమాలతాడు. జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో 1563లో వెలువడిన ప్రశ్నోత్తరి ఈ క్రమాన్నే పాటించింది. దానిలో మూడు భాగాలు. మనిషి దుస్థితి మొదటిది, విమోచన రెండోది, కృతజ్ఞత మూడోది. పది ఆజ్ఞల వివరణను అందులో మూడో భాగంలో, కృతజ్ఞత కింద పెట్టారు.

మార్టిన్ లూథర్ ఈ సంగతిని పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు, అనుభవించి తెలుసుకున్నాడు. 1505లో పిడుగు భయంతో మొక్కుకుని సన్యాసి అయినవాడు ఆయన. ఎన్ని ఉపవాసాలు చేసినా, ఎన్ని గంటలు పాపాలు ఒప్పుకున్నా చాలిందన్న శాంతి దొరకలేదు. కృప అర్థమయ్యాక, 1520లో సత్క్రియల గురించి ఒక పుస్తకం రాశాడు. అందులో ఆయన ఇచ్చిన పోలిక చాలా సొగసైనది. భార్యాభర్తలకు ఒకరి ప్రేమ మీద ఒకరికి నమ్మకం ఉంటే ఎలా మెలగాలో ఎవరూ నేర్పక్కర్లేదు. చిన్న పనీ పెద్ద పనీ ఒక్క మనసుతో, సంతోషంగా చేసుకుపోతారు. అనుమానం వచ్చిన చోటనే ఏం చేస్తే మెప్పిస్తాను, ఎంత చేస్తే చాలు అనే కొలతలు మొదలవుతాయి, ఎంత చేసినా గుండె బరువు తగ్గదు. దేవుడితో మన సంబంధం కూడా ఇంతే అన్నాడు లూథర్. అన్ని సత్క్రియల్లోకీ మొదటిది క్రీస్తును నమ్మడమే అని, మిగతావన్నీ దానిలోంచే పుడతాయని ఆయన తీర్మానం.

ఇప్పుడు మన తెలుగు నేల మీద జరిగిన ఒక సంగతి చెబుతాను.

1876లో మొదలైన ధాత కరువు మద్రాసు ప్రెసిడెన్సీని 1878 దాకా పీడించింది. ఒంగోలులో అప్పుడు జాన్ ఎవరెట్ క్లౌ అనే అమెరికన్ బాప్తిస్టు మిషనరీ ఉన్నారు. కరువు పనుల కింద బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పని ఆయన కాంట్రాక్టుకు తీసుకున్నారు. ఆకలితో రోజుల తరబడి నడిచి వచ్చినవాళ్ళకు అక్కడ పని, కూలి దొరికాయి. ఆయన దగ్గరున్న తెలుగు ప్రసంగీకులే మేస్త్రీలుగా ఉండి పని చూసుకున్నారు. మట్టి మోసేవాళ్ళు కాసేపు కూలబడినప్పుడు వాళ్ళ మధ్య కూర్చుని మాట్లాడేవాళ్ళు. ప్రయాసపడి భారం మోస్తున్నవాళ్ళను నా దగ్గరికి రండి, విశ్రాంతినిస్తాను అని యేసు పిలిచిన పిలుపు, మత్తయి సువార్త పదకొండో అధ్యాయంలోది, క్లౌ గారికి ఎంతో ఇష్టమైన వాక్యం. తట్ట నెత్తిన పెట్టుకున్న మనిషికి ఆ పిలుపు ఎలా వినిపించి ఉంటుందో ఊహించండి.

చాలామంది బాప్తిస్మం అడిగారు. క్లౌ గారు ఇవ్వలేదు. దాదాపు పదిహేను నెలలు ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వకుండా ఆపేశారు. అన్నం కోసం వచ్చారన్న మాట రాకూడదు, అన్నం కోసం ఎవరూ రాకూడదు కూడా. కరువు సాయం ముగిశాక, 1878 జూన్‌లో, జనం మళ్ళీ బయల్దేరి వచ్చారు. ఇక పంచడానికి డబ్బు లేదని చెప్పినా వెనక్కి మళ్ళలేదు. ఒంగోలుకు పది మైళ్ళ దూరంలో గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెలంపల్లి దగ్గర వాళ్ళను సమకూర్చారు. ఏ పల్లెవాళ్ళను ఆ పల్లె ప్రసంగీకుడు విచారించి పేర్లు సరిచూశాడు. 1878 జూలై 3న ఆ నదిలో ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు ప్రసంగీకులు ఇద్దరేసి చొప్పున వంతులవారీగా నీళ్ళలో దిగి ఇచ్చారు.

ఈ అంకె గొప్పది కాబట్టి చెప్పడం లేదు. వాళ్ళలో అత్యధికులు మాదిగ పల్లెలవాళ్ళు. ఒంగోలు సంఘంలో చేరేవాళ్ళకు తప్పనిసరిగా మూడు కట్టుబాట్లు ఉండేవి. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలను కొలవకూడదు. ఈ మూడూ వినడానికి చిన్నవే. కానీ పొట్ట గడవని ఇంట్లో ఊరి పశువు చచ్చినప్పుడు దక్కే మాంసం వదులుకోవడమంటే ఆకలిని కోరి తెచ్చుకోవడం. జాతరలో డప్పు కొట్టనంటే కళ్ళంలో గింజలు రావు. ఆదివారం పనికి రానంటే ఆసామి ఊరుకోడు. అంతకు పదేళ్ళ ముందు నుంచే కొత్తగా నమ్మినవాళ్ళకు బావులు మూసేసి, అంగడికి రానివ్వక, పనులివ్వక బాధించిన ఊళ్ళు ఉన్నాయి. ఇదంతా తెలిసే వాళ్ళు నదిలో దిగారు.

భయమే వాళ్ళను నడిపించిందంటారా? భయం వాళ్ళకు కొత్త కాదు, తరతరాలుగా దానిలోనే బతికారు. కొత్తగా ఇంకొక భయం కోసం ఎవరూ అంత దూరం నడిచి రారు. బేరం అంటారా? బేరానికి పెట్టడానికి వాళ్ళ చేతిలో ఏమీ లేదు, కరువు కూలి కూడా అయిపోయింది. ఊరి చివర ఉన్న తమను పేరు పెట్టి పిలిచి ప్రేమించే దేవుడు ఒకడున్నాడని విన్నారు, నమ్మారు. ఎడారిలో మన్నా దాచుకోకుండా పడుకున్నవాళ్ళ విధేయతే అది. అలాంటి విధేయతను అన్నం పెట్టి కొనలేం, బెదిరించి రప్పించలేం.

దేవుడు ప్రేమిస్తున్నాడని ఇంతగా చెబితే జనం అలుసు తీసుకోరా, ఎలాగైనా క్షమిస్తాడు కదా అని ఇష్టం వచ్చినట్టు బతకరా అని కొందరు అడుగుతారు. పౌలునూ ఇదే అడిగారు. రోమా పత్రిక ఆరో అధ్యాయంలో ఆయన దీన్ని గట్టిగా కొట్టిపారేశాడు. కృపను చవక చేసుకోవద్దని 1937లో ఒక పుస్తకమే రాసిన జర్మన్ పాస్టర్ డీట్రిక్ బోన్‌హోఫర్ హిట్లర్‌ను ఎదిరించి, 1945 ఏప్రిల్ 9న ఉరికొయ్య ఎక్కాడు. ప్రేమను నిజంగా నమ్మినవాడు అలుసు తీసుకోడు. అలుసు తీసుకుంటున్నాడంటే ఆ ప్రేమకు సిలువ మీద పడిన ఖరీదు అతనికి ఇంకా అర్థం కాలేదన్నమాట. దేవుడి పట్ల భయభక్తులు ఉండాలి, తప్పకుండా ఉండాలి. అవి ఆయన గొప్పతనాన్నీ మంచితనాన్నీ ఎరిగిన గుండెలో పుట్టేవి. శిక్షకు దడిసి దాక్కునే బెదురుతో వాటికి పోలిక లేదు.

తప్పు చేసిన తర్వాత ఏం చేస్తామన్న దాంట్లో ఈ తేడా బాగా తెలుస్తుంది. ఒకే రాత్రి ఇద్దరు శిష్యులు యేసును వదిలేశారు. యూదా అప్పగించాడు, పేతురు ఎరగనని మూడుసార్లు బొంకాడు. ఇద్దరూ కుమిలిపోయారు. యూదా ముప్పై వెండి నాణేలు పట్టుకుని యాజకుల దగ్గరికి వెళ్ళాడు, అది నీ పాట్లు అని వాళ్ళు ముఖం తిప్పుకున్నారు. అతను ప్రాణం తీసుకున్నాడు. పేతురు కథ యోహాను సువార్త ఇరవై ఒకటో అధ్యాయంలో ఉంది. తిబెరియ సముద్రం ఒడ్డున నిలబడినది ప్రభువేనని తెలియగానే పడవ గట్టుకు చేరేదాకా ఆగలేక నీళ్ళలో దూకాడు. ఒడ్డున బొగ్గుల నిప్పు, దాని మీద చేపలు, పక్కన రొట్టె ఉన్నాయి. ప్రధానయాజకుడి లోగిలిలో చలి కాచుకుంటూ అతను బొంకినది కూడా బొగ్గుల నిప్పు దగ్గరే. యేసు ముందు భోజనం పెట్టాడు. ఆ తర్వాత, ఇకమీదట నా మాట వింటావా అని అడగలేదు, నన్ను ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడిగాడు. అడిగిన ప్రతిసారీ తన గొర్రెలను అతనికే అప్పగించాడు. పేతురు ఆ తర్వాత జీవితమంతా ఆ పనిలోనే గడిపాడు.

శ్రోతలారా, రేపు పొద్దున మీకు ఏదో ఒక ఆజ్ఞ బరువుగా అనిపిస్తుంది. అబద్ధం ఆడితే తప్ప పని జరగదనిపిస్తుంది. అప్పుడు దేవుడు నన్ను చూసుకోడేమోనన్న అనుమానం ఎక్కడైనా ఉందా అని మనసును అడగండి. ఆస్తి పంపకంలో అన్యాయం చేసిన తోడబుట్టినవాణ్ణి క్షమించలేకపోతే, నాకు న్యాయం చేసేవాడు లేడని అనుకుంటున్నానా అని అడగండి. చేతిలో ఉన్నది పేదవాడికి ఇవ్వడానికి వేళ్ళు విడివడకపోతే, రేపటి మన్నా మీద నమ్మకం లేదా అని అడగండి. పళ్ళు బిగించి ఆజ్ఞ పాటించడానికి ప్రయత్నించకముందు, ఆ అనుమానాన్ని సిలువ దగ్గరికి తీసుకెళ్ళండి. సువార్తల్లో యేసు ఎవరితో ఎలా మాట్లాడాడో చదవండి. ప్రభువు బల్లలో పాల్గొన్నప్పుడు ఆ రొట్టె, ఆ పాత్ర మీకోసమేనని నమ్మి తీసుకోండి. నమ్మకం అలా రోజూ మేత వేస్తేనే పెరుగుతుంది.

తల్లిదండ్రులకూ, సండే స్కూలు టీచర్లకూ, సంఘ కాపరులకూ ఒక విన్నపం. పిల్లలకు ఆజ్ఞలు తప్పకుండా నేర్పండి, ఒక్కటీ తగ్గించకండి. కానీ దేవుడు కళ్ళు పోగొడతాడన్న మాట ఇక మానేయండి. యేసు కళ్ళు ఇచ్చినవాడు, పోగొట్టినవాడు కాదు. పది ఆజ్ఞలు బట్టీ పట్టించే రోజున, వాటికి ముందు దేవుడు చెప్పిన విడుదల మాటను కూడా కలిపి నేర్పండి. ఈ దేవుడు నిన్ను ముందుగానే ప్రేమించాడు, అందుకే ఆయన చెప్పినట్టు నడుచుకో అని చెప్పండి. అలా పెరిగిన పిల్ల తప్పు చేసిన రోజున దాక్కోదు, తిరిగి ఇంటికి వస్తుంది.